నువ్వుల వడియాలు

ఇంట్లో బియ్యం ఉంచుకోవడం నేరమని సర్కారు చాటించినప్పుడు కూలీల లైన్లలో ఎవరూ నమ్మలేదు. సారా కాస్తే నేరమంటే అర్థముంది. బియ్యం దాచుకుంటే నేరమేమిటి? కాని ఆ ఏడు మలయాలో బంటింగు చుట్టుపక్కల రబ్బరు తోటల్లో అదే చట్టం. సర్కారు మీద తిరగబడి అడవిలో ఉన్న తుపాకుల వాళ్ళకి తిండి అందకపోతే వాళ్ళే చేతులెత్తుకుని బయటికొస్తారని ఎక్కడో ఫ్యాను కింద కూర్చున్న దొరలు తేల్చారు. బియ్యమైతే మూటకట్టి కంచె అవతలకి విసరొచ్చు. వండిన అన్నం మర్నాటికి పాచిపోతుంది కదా, వండే ఇద్దాం అనుకున్నారు. అలా తోటకో వంటసాల లేచింది. కూలీల ఇళ్ళ వరసల చుట్టూ ముళ్ళకంచె, కంచెకి ఒకటే గేటు, గేటు దగ్గర తుపాకీతో మలాయ్ పోలీసు.

వాళ్ళ ఆలోచన మంచిదే. అన్నం నిలవదని ఎవరు చెప్పారో గాని, శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చిన ఆడవాళ్ళని మాత్రం అడగలేదు. మిగిలిన అన్నాన్ని మట్టిలో పారబోసే ఆడది ఆ లైన్లలో పుట్టలేదు. రాత్రి నీళ్ళు పోస్తే పొద్దుటికి చద్ది. అదీ మిగిలితే మెత్తగా పిసికి, ఉప్పూ కారం కలిపి, రేకు కప్పు మీద పాత చీర పరిచి, వేళ్ళతో గిల్లి పెడితే సాయంత్రానికి గలగలమంటాయి. డబ్బాలో పోస్తే వానాకాలం దాటేదాకా చెక్కుచెదరవు.

గేటు పోలీసులకి ఆ వడియాలు కనిపించేవి. వాళ్ళు రొయ్యల పిండితో చేసుకునే కేరుపొక్ అప్పడాల లాంటివే అనుకున్నారు. బియ్యం పోనివ్వొద్దన్నారు, అన్నం పోనివ్వొద్దన్నారు, చేపల డబ్బాలు పోనివ్వొద్దన్నారు. అప్పడాల సంగతి ఎవరూ చెప్పలేదు.

ఆ సోమవారం పొద్దున్న పోలీసు దొర జీపు తిన్నగా వంటసాల ముందు ఆగింది. దొర కుర్రవాడు, ఎండకి కమిలిన మొహం. తెల్లవారుజామున చిత్తడి అడవిలో సిపాయిలు ఒకణ్ణి కాల్చారని, వాడి సంచీలో ఇవి దొరికాయని, గుడ్డ మూట విప్పి బల్ల మీద బోర్లించాడు. తోట కిరాణి గోపాలకృష్ణ దొర మాటల్ని తెలుగులోకి, తమిళంలోకి మారుస్తున్నాడు. తోట లెక్కలు రాయడంతోబాటు దొరలకి నోరవడం కూడా అతని పనే.

"ఇవి బియ్యంతో చేసినవని దొరగారికి తెలిసింది. ఎవరు చేశారు? ఎవరు బయటికి పంపారు?"

దేవుడమ్మ గంగాళం దగ్గర గరిటె పట్టుకుని నిలబడి ఉంది. వంటసాలలో పెద్దదిక్కు ఆవిడ. మొగుడు పోయి చాలా ఏళ్ళయింది. ఒక్కతే కూతురు ముత్యాలు, బంటింగు ఊళ్ళో కాపరం. దేవుడమ్మ బల్ల మీదికి ఒక్కసారి చూసింది. వడియాల్లో నల్లగా నువ్వులు. లైన్లలో తక్కిన వాళ్ళంతా జీలకర్ర వేస్తారు, కొందరు వాము వేస్తారు. నువ్వులు వేసేది ఆవిడొక్కతే. ఆవిడ తల్లి అలా వేసేది, అంతకు మించి కారణం లేదు.

దొర జవాబు కోసం ఆగలేదు. కప్పులు వెతకమన్నాడు. జీపు వచ్చిన చప్పుడుకే ఆడవాళ్ళంతా పిల్లల్ని పైకెక్కించి చీరలు లాగించేశారు. ఎటొచ్చీ పాపాయి లేవలేకపోయింది. నాలుగు రోజుల బాలింత. మొగుడు కూర్మయ్య తెల్లారకుండా రబ్బరు పాల కోసం చెట్ల కోతకి పోయాడు. ఆమె కప్పు మీద చీరెడు వడియాలు ఎండలో తెల్లగా మెరుస్తూ ఉన్నాయి.

పాపాయిని పసిగుడ్డుతో సహా పట్టుకొచ్చి బల్ల ముందు నిలబెట్టారు. ఆమె ఒక చేత్తో బిడ్డని, ఇంకో చేత్తో నడికట్టుని పట్టుకుంది. దొర రెండు గుప్పిళ్ళ వడియాలు పక్కపక్కన పెట్టాడు. ఆయన కంటికి రెండూ ఒకటే.

"ఇవి నీవేనా?"

పాపాయి వంగి చూసింది. నువ్వులు చూసింది. తల తిప్పకుండా, కళ్ళు మాత్రం ఒక్క క్షణం గంగాళం వైపు పోయి వచ్చాయి.

"నాకు తెల్దు బాబూ," అంది.

ఆ బిడ్డ బొడ్డు కోసింది దేవుడమ్మే.

పాపాయిని గేటు పక్క పోలీసు గదిలో కూర్చోబెట్టారు. మర్నాడు పొద్దున్న క్లాంగు లారీ వస్తుందని, చెప్పకపోతే అందులో ఎక్కించి క్లాంగు జైలుకి పంపుతారని గోపాలకృష్ణ చెప్పాడు. అక్కడ విచారణ లేకుండా రెండేళ్ళు ఉంచొచ్చట. ఈ దేశం కాయితం లేనివాళ్ళయితే ఓడెక్కించి ఇండియా తోలెయ్యొచ్చట. పాపాయి ఈ తోటలోనే పుట్టింది. ఇండియా ఎటుందో ఆమెకి తెలియదు.

కుళాయి దగ్గర ఆడవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు.

"ఒచ్చే ఏడు మెర్దేకా, సొతంత్రమొస్తాది అంతన్నారు గదే. అప్పుడైనా మన గింజలు మనకి కనిపిస్తాయేటి?" అంది బంగారమ్మ.

"దొర ఎల్లిపోతే గరిటె నీకిచ్చి ఎల్తాడనుకున్నావేటి?" అంది రాసమ్మ. "కంచె పీకినప్పుడు కదా ఆ సంగతి తెలిసేది. ముందు పాపాయి సంగతి సూడండి. ఆ నువ్వులెవరివో..."

దేవుడమ్మ బిందె పట్టుకుని రావడం చూసి మాట మింగేసింది. బిందె నిండేదాకా కుళాయి చప్పుడొక్కటే.

నువ్వుల వడియాలు కంచె దాటింది ఆదివారం. ముత్యాలు కడుపుతో ఉంది, నోటికేమీ సహించడం లేదని కబురంపితే, అత్తగారిని చూడ్డానికి వచ్చిన అల్లుడు అచ్చయ్య చేతికి దేవుడమ్మే ఇచ్చింది. టిఫిన్ గిన్నెలో పోసి, పైన ఆకు కప్పి. గేటు పోలీసు మూత తీసి చూసి, కేరుపొక్ అని మూసేశాడు. ఆ వడియాలు కూతురి కంచంలోకి పోకుండా చచ్చినవాడి సంచీలోకి ఎలా పోయాయి? మధ్యాహ్నం దాకా ఆవిడ గంగాళం కలుపుతూ అదే ఆలోచించింది. అల్లుడే ఇచ్చాడా? అమ్మాడా? అడుగంటిన వాసన వచ్చేదాకా అన్నం సంగతి మరిచిపోయింది.

వంటసాలకి ఉప్పూ ఎండుచేపా తేవడానికి తోట లారీ ప్రతి సోమవారం బంటింగు పోతుంది. గోపాలకృష్ణ ముందు కూర్చుంటాడు, వంటసాల తరఫున ఒక ఆడమనిషి వెనక. ఆ వారం వంతు దేవుడమ్మది కాదు. "ఈయాల నానెల్తాను," అని ఎక్కేసింది. గోపాలకృష్ణ ఆవిడ మొహం చూసి, ఎందుకని అడగలేదు.

అచ్చయ్య చీనావాడి కోతమిల్లులో పని చేస్తాడు; యజమానిని అక్కడ తౌకే అంటారు. రంపం చప్పుడుకి పక్కవాడి మాట వినపడదు. అత్తని చూడగానే అతను చేతిలో పలక కింద పెట్టి, పొట్టు కుప్ప వెనక్కి నడిచాడు. అంటే సంగతి తెలిసే ఉంది.

"నా కూతురికిచ్చినవి అడివిలో ఎలగ తేలినాయి, అచ్చియ్య బాబూ?"

అచ్చయ్య చేతుల పొట్టు దులుపుకున్నాడు. "కాలవగట్టు మీద ఆపినారు, అత్తా. అడివోళ్ళు ముగ్గురు. సైకిలు పట్టుకున్నారు, టిప్పిను లాక్కున్నారు. సొక్కా కూడా ఇప్పమన్నారు. సిరిగిపోనాది సూసి, ఒద్దులే ఉంచుకో అన్నాడొకడు. తమిళంలోనే అన్నాడు, మనోడి లాగే."

"మరి ఠాణాలో సెప్పనేదేటి?"

"సెప్తే మాకు తెలుస్తాది, నీ ఇల్లు మాకు తెలుసు అన్నారు. సెప్పకపోతే ఇటు సర్కారోడు. ఇల్లొదిలి ఎక్కడికి పోతానత్తా? ముత్యాలు కడుపుతో ఉన్నాది. ఎవులూ సూణ్ణేదు గదా, ఊరుకుంటే పోద్దిలా అనుకున్నాను."

"పోనేదు. పాపాయి మీద పడ్డాది."

"ఏ పాపాయి?"

"మా పక్కింటి పాపాయి. పచ్చి బాలింత. పాలు తాగే పిల్లనెత్తుకుని పోలీసు గదిలో గచ్చు మీద కూకున్నాది. ఆ నువ్వులు నావని దానికి తెలుసు, బాబూ. తెలిసీ సెప్పనేదు."

రంపం ఆగింది. ఆ నిశ్శబ్దంలో ఇద్దరూ గొంతు తగ్గించారు.

"నువ్వే ఒచ్చి సెప్పు," అంది దేవుడమ్మ. "లాక్కున్నారని సెప్పు. తనంతట తానొచ్చినోణ్ణి వాళ్ళు ఇచారించి ఒదిలేస్తారంతన్నాడు కిరాణి. రేపు క్లాంగు లారీ ఎల్లకముందే రావాల."

"సూద్దామత్తా."

"సూద్దామంటే?"

"వస్తాన్లా." తల వంచుకునే అన్నాడు. "ముత్యాలుకి సెప్పకు. నాను సెప్పుకుంటాను."

కూతురి ఇల్లు ఆ వీధి చివరే. దేవుడమ్మ ఆ వైపు తిరగలేదు. తిరిగితే నోరు ఆగదని భయం. లారీ ఎక్కి ఉప్పు బస్తా మీద కూర్చుంది.

తోవలో గోపాలకృష్ణ వెనక్కి తిరిగి, డ్రైవరుకి వినపడకుండా అన్నాడు. "దేవుడమ్మా, నేను ఏమీ చూడలేదు, ఏమీ వినలేదు. నువ్వూ అలాగే ఉంటే మంచిది. రెండు రోజులు పోతే క్లాంగులో వాళ్ళే ఆమెని వదిలేస్తారు."

"ఒదిలేస్తారని నీకు తెలుసేటి, బాబూ?"

అతను ముందుకి తిరిగిపోయాడు.

మర్నాడు క్లాంగు లారీ అనుకున్నదానికంటే ముందే వచ్చింది. చెట్ల కోత నుంచి కూలీలింకా తిరిగి రాలేదు. కూర్మయ్య ఒక్కడే పని మానేసి, గేటు ఇవతల గొంతుక్కూర్చుని ఉన్నాడు. రాత్రంతా అలాగే ఉన్నాడేమో, గడ్డి విత్తులు పంచె నిండా అంటుకుని ఉన్నాయి. పాపాయిని బయటికి తెచ్చారు. బిడ్డ ఏడుస్తోంది. పాలు సరిగా పడటం లేదని ఆ ఏడుపులోనే తెలుస్తోంది.

గేటు అవతల ఎర్రమట్టి రోడ్డు తిన్నగా పోయి, పాలచెట్ల మధ్య మలుపు తిరుగుతుంది. దేవుడమ్మ ఆ మలుపు మీదే కళ్ళు పెట్టుకుంది. ఒక ఎడ్లబండి వచ్చింది. పాల డబ్బాల కావడితో ఒక తమిళుడు వచ్చాడు. తర్వాత ఎవరూ రాలేదు.

లారీ ఇంజను మొదలైంది. కూర్మయ్య లేచి నిలబడ్డాడు. పోలీసు తుపాకీ అడ్డం పెడితే మళ్ళీ కూర్చున్నాడు. పాపాయి బిడ్డని ఒక పోలీసు చేతికిచ్చి, లారీ మెట్టు మీద కాలు పెట్టింది. ఎక్కడానికి నడుము సహకరించక ఆగిపోయింది.

దేవుడమ్మ గరిటె గంగాళం మీద పెట్టి, లారీ పక్కన నిలబడ్డ దొర దగ్గరికి నడిచింది. గోపాలకృష్ణ ఎదురొచ్చాడు.

"వెళ్ళి అన్నం చూసుకో, దేవుడమ్మా."

"సెప్పు బాబూ. అవి నావని సెప్పు."

"నువ్వేమంటున్నావో నీకు తెలుసా? ఒక్కసారి నా నోట్లోంచి వస్తే మళ్ళీ వెనక్కి రాదు."

దొర ఏమిటని అడిగాడు. గోపాలకృష్ణ ఇంగ్లీషులో ఏదో అన్నాడు. దొర తల ఊపి లారీ వైపు తిరిగిపోయాడు. ఏమన్నాడో దేవుడమ్మకి తెలియలేదు గాని, తన మాట మాత్రం అందులో లేదని తెలిసింది. పాతికేళ్ళుగా సంతలో చేపలు బేరమాడిన మలాయి మాటలు ఆవిడకి ఉన్నాయి. అవే పోగేసుకుంది.

"తుయాన్. ఇతు సాయా పున్యా. మెనంతు సాయా బావా."

దొరా, ఇవి నావి. నా అల్లుడు పట్టుకెళ్ళాడు. గేటు దగ్గరి పోలీసులంతా ఒక్కసారి తలలు తిప్పారు. దొరకి మలాయి వచ్చు.

ఆ తర్వాతదంతా గోపాలకృష్ణ చెప్పక తప్పలేదు. అడవి మనుషులు లాక్కున్నారని ఆవిడంటే అతను ఇంగ్లీషులోకి మార్చాడు. మరి అతనెందుకు చెప్పలేదని దొర అడిగితే తెలుగులోకి మార్చాడు. "బయపడ్డాడు," అంది ఆవిడ. దొర అది రాసుకోలేదు.

పాపాయిని మెట్టు మీంచి దింపారు. జీపు బంటింగు వైపు దుమ్ము లేపుకుంటూ పోయింది.

బంటింగు పోయి రావడానికి పూటంతా పడుతుంది. జీపు మాత్రం గంగాళంలో గంజి వార్చేలోపే తిరిగొచ్చింది. వెనక అచ్చయ్య చేతులు కట్టేసి ఉన్నాయి. పక్కన అతని సైకిలు, చక్రం గాలిలో తిరుగుతోంది. ఉతికిన తెల్లచొక్కా వేసుకున్నాడు. అత్త వైపు చూశాడు, కోపంగా కాదు. ఏదో చెప్పబోయాడు. జీపు ఆగకుండా ఆఫీసు వైపు పోయింది, అక్కడ దొరని దింపి క్లాంగుకి.

వంతెన దగ్గర పట్టుకున్నారని గోపాలకృష్ణ సాయంత్రం చెప్పాడు. వంతెన దగ్గర రోడ్డు రెండుగా చీలుతుంది. ఒకటి తోటకి వస్తుంది, ఇంకోటి మోరిబ్ సముద్రం ఒడ్డుకి పోతుంది, అక్కడ పడవలుంటాయి. అచ్చయ్య పారిపోతుంటే పట్టుకున్నామని దొర రాశాడు.

"అదే తనంతట తనే వచ్చి చెప్పుంటే విచారించి ఇంటికి పంపేవారు," అన్నాడు గోపాలకృష్ణ. "పట్టుబడ్డవాడికి రెండేళ్ళు."

దేవుడమ్మని మాత్రం లైన్లు దాటి పోవద్దన్నారు. వంటసాల పని తీసేశారు. ఆ సాయంత్రం పాపాయి బిడ్డనెత్తుకుని గుమ్మం దాకా వచ్చింది గాని లోపలికి రాలేదు. "పాలు పడతన్నాయేటే?" అని దేవుడమ్మ అడిగింది. "పడతన్నాయి పెద్దమ్మా," అని పాపాయి వెళ్ళిపోయింది.

కర్ఫ్యూ సైరనుకి ఇంకా కొంచెం పొద్దుంది. కంచె అవతల ముత్యాలు కనిపించింది. బంటింగు నుంచి నడిచే వచ్చినట్టుంది, కాళ్ళకి ఎర్రమట్టి మోకాళ్ళ దాకా. తల్లి పరుగున కంచె దగ్గరికి పోయింది.

"ఊళ్ళోకొచ్చి నా గుమ్మం తొక్కకుండా ఎల్లిపోనావు," అంది ముత్యాలు.

"తొక్కితే సెప్పేసేదాన్ని."

"ఆడు నాకు సెప్పినాడు. రాత్రి అంతా సెప్పినాడు. పొద్దున్న సొక్కా ఉతికించుకుని, తడి ఆరకముందే ఏసుకుని, తౌకే దగ్గరికెల్లినాడు. ఈయాల పనికి రాను, తోట ఠాణాకి ఎల్లి సెప్పాల్సింది ఉన్నాది, నాను రాకపోతే నా పెళ్ళాన్ని సూడండి అన్నాడు. సైకిలు గాలి పోతే దారిలో ఆగి కొట్టుకున్నాడంట, సూసినోళ్ళు సెప్పినారు. అందుకే ఆలీసమైనాది." ఆమె కంచె తీగ పట్టుకుంది. "ఆడు వస్తన్నాడే అమ్మా. నువ్వు ఆగనేదు."

పాపాయి మెట్టు మీద కాలు పెట్టిందని చెప్పొచ్చు. మలుపు దగ్గర ఎవరూ కనపడలేదని చెప్పొచ్చు. అవన్నీ నిజాలే. కూతురి ముందు ఒక్కటీ పనికొచ్చేలా లేదు.

"తౌకేతో అన్నాడా?" అంది దేవుడమ్మ. "పారిపోయేవాడు యజమానికి సెప్పి పోడు కదే."

"తౌకే వచ్చి సెప్తాడేటి? ఆడికి ఆడి మిల్లు."

"సెప్తాడో సెప్పడో. దొర ఇంకా ఆఫీసులోనే ఉన్నాడు. రా."

ముత్యాలు కదల్లేదు. దేవుడమ్మ కంచె లోపలి పక్క గేటు వైపు నడవడం మొదలుపెట్టింది. కాసేపటికి అవతలి పక్క అడుగులు వినిపించాయి. మధ్యలో తీగ, ఇద్దరూ ఒకే వైపు నడిచారు. సైరను మోగాక కంచె పక్కన ఎవరు కదిలినా కాల్చొచ్చని చట్టం. ఇద్దరికీ తెలుసు. ఎవరూ పరిగెత్తలేదు. పరిగెత్తినా కాలుస్తారు.

గేటు పోలీసు తుపాకీ భుజం మీంచి దించాడు. "బాలిక్," అన్నాడు. వెనక్కి పో.

ఆఫీసు వరండాలో గోపాలకృష్ణ తన గది తలుపుకి తాళం వేస్తున్నాడు. దేవుడమ్మ కేక వేసింది.

"కిరాణి బాబూ. ఈసారి నువ్వే సెప్పాల. నాకున్న మలాయి ఇంతకి సాలదు."

అతను తాళం చేతిలో పట్టుకుని నిలబడిపోయాడు. "పౌరసత్వానికి పేరిచ్చుకున్నాను, దేవుడమ్మా. పోలీసు మాట లేకుండా అది రాదు. దొర రాసింది తప్పని నా నోటితో చెప్పమంటావా?"

"తప్పని సెప్పకు. తౌకేని అడగమని సెప్పు. అంతే."

అతను రోడ్డు వైపు చూశాడు, ముత్యాలు కడుపు వైపు చూశాడు. తాళం కప్ప జేబులో వేసుకుని, దొర గదిలోకి పోయాడు. చాలాసేపు రాలేదు. ఈలోగా సైరను మోగింది. పోలీసు ఇద్దరినీ గేటు స్తంభాలకి ఆనించి నిలబెట్టాడు, చెరో పక్క.

గోపాలకృష్ణ బయటికొచ్చినప్పుడు చొక్కా వీపంతా తడిసి ఉంది. "తౌకే తనే వచ్చి చెబితే రాసింది మారుస్తానన్నాడు. పిలిపించనన్నాడు. తనే రావాలట." ఒక్క క్షణం ఆగాడు. "నన్ను బాగానే చివాట్లు పెట్టాడు. కర్ఫ్యూలో ఈ అమ్మాయిని రోడ్డు మీద పంపలేరు. ఈ రాత్రికి లోపల ఉండమన్నాడు."

గేటు తెరుచుకుంది. ముత్యాలు లోపలికొచ్చింది. దేవుడమ్మ ఇంటి వైపు చెయ్యి చూపించింది.

"ఆ గుమ్మం నాను తొక్కను," అంది ముత్యాలు.

వరసలో పక్క గుమ్మం పాపాయిది. ముత్యాలు అక్కడికి పోయి తలుపు తట్టింది. పాపాయి తీసి, ఏమీ అడగకుండా చాప పరిచింది.

రెండిళ్ళకీ మధ్య పలకల గోడ. ఇటు మాట అటు వినిపిస్తుంది. దేవుడమ్మ దీపం వెలిగించలేదు. అన్నం తెచ్చుకోలేదు. గోడకి వీపు ఆనించి కూర్చుంది. అవతల బిడ్డ ఏడ్చింది, ఆగింది. కూర్మయ్య దగ్గాడు. ముత్యాలు నిద్రపోలేదని ఊపిరిని బట్టి తెలుస్తోంది.

"ముత్యాలూ," అంది గోడతో. "తౌకే ఒస్తాడంతావేటే?"

పసిది మళ్ళీ కదిలింది, ఎవరో జోకొట్టారు. ఇక మాట్లాడదు అనుకున్నాక, పలక అవతల నుంచి గొంతు వచ్చింది.

"ఆడు మిల్లు తెరవకముందే పట్టుకోవాల. తెల్లారగానే ఎల్తాను. నువ్వు పడుకో."